సాధుశబ్దము — మంచి, మేలు

సాధుశబ్దమునకు 'మంచి' యని యర్థము వ్రాయుట మన పాఠశాలలందుఁ బరిపాటి. అది తప్పనఁజాలము. కాని వ్యాకరణమున 'సాధుశబ్ద' మనఁగా నేమని యడిగినచో విద్యార్థులు 'మంచిమాట, అనఁగాఁ దీయనిమాట' యని చెప్పుట పలుమాఱు వింటిని. లక్షణసిద్ధమైనచోఁ దిట్టును సాధుశబ్దమే! పొరపాటు విద్యార్థులది గాదు, మనము వ్రాయించు నర్థమునది.

సాధ్ ధాతువునకు నెఱవేర్చుట యర్థము. ఉణాదిసూత్రములలో మొదటిదే దానిపై ఉణ్ ప్రత్యయమును విధించి, కారు, వాయు, స్వాదు శబ్దములతోపాటు సాధుశబ్దమును నిష్పన్నము చేయుచున్నది. ధాతువునందు దయాప్రసక్తి లేదు. క్రీ. పూ. 2వ శతాబ్దినాఁటి పతంజలి శబ్దములను సాధువు లనియు, నసాధువు లనియు విభజించినప్పుడు శాస్త్రసమ్మతియే ప్రమాణము. భట్టోజిదీక్షితుఁడు 17వ శతాబ్దమున 'పరుల కార్యమును నెఱవేర్చువాఁడు' అని వ్యుత్పత్తి చెప్పెను. ధాతువున లేని 'పర' పదముతోఁ బరోపకార మిందుఁ జొచ్చినది.

ఈ రెండర్థములకును గల భేదము పూర్వులకుఁ దెలియనిది గాదు. పాణిని 4.4.98వ సూత్రమున 'దానియందు సాధువు' అను నర్థమున యత్ ప్రత్యయమును విధించెను. సామగానమందు నేర్పరి సామన్యుఁడు, కర్మయందు సమర్థుఁడు కర్మణ్యుఁడు. ఇచట సాధువనఁగాఁ బ్రవీణుఁడో యోగ్యుఁడో కాని యుపకారకుఁడు గాఁడని 7వ శతాబ్దపు కాశికావృత్తి స్పష్టముగాఁ జెప్పినది. ఉపకారార్థమునకు 5.1.5వ సూత్రము వేఱుగఁ గలదు. దూడలకు హితుఁడైన పాలుపిదుకువాఁడు వత్సీయుఁడు. పిదుకుటయం దెంత నేర్పరియైనను, దూడకుఁ జుక్క మిగుల్పనివాఁ డీ పేరునకుఁ దగఁడు గదా!

తెలుఁగున నిట్టి భేదము లేదనుకొనుట మన భాషను మనమే తక్కువ చేసికొనుట. మంచినీరు త్రాగఁదగినది; ఉప్పునీటి కెదురు. మంచినూనె నువ్వులనూనె, అరవమువారును దానిని 'నల్లెణ్ణెయ్', అనఁగా మంచినూనె, యనియే యందురు. మంచిముత్యము నకిలీ కానిది. వీనియందు 'మంచి' యోగ్యతనో, నిజత్వమునో చెప్పునే కాని యుపకారమును జెప్పదు. 'మేలు చేసె' నన్నచో నన్ననో 'ఎవ్వరికి?' అను నాకాంక్ష వెంటనే పుట్టును. హితశబ్దమును నట్టిదే. ముత్యము మంచిదన్నచో నా ప్రశ్న పుట్టదు.

మేలున కుపకార మొక్కటియే యర్థమని మాత్ర మనరాదు. అరవ కన్నడములలోని 'మేల్' పై భాగమును జెప్పును. మేలిమి బంగార మన్నప్పుడును శ్రేష్ఠతయే తోఁచును. 'మంచివాఁడు' నేఁడు మెత్తని స్వభావము గలవానికిఁ జెల్లుచున్నది. తెలంగాణమున 'మంచిగున్నవా' యని క్షేమమునే యడుగుదురు. వాడుక మాఱుచునే యుండును. అయినను బాఠములయందు సాధుశబ్దమునకు సందర్భమునుబట్టి 'తగినది', 'నేర్పరి', 'మేలుచేయువాఁడు' అని వేర్వేఱుగ వ్రాయించుట కష్టము గాదు. సభలో మంచి పద్యమును విని 'సాధు, సాధు' అన్నను, 'మేలు, మేలు' అన్నను మెచ్చుకొనునది కవి చేసిన యుపకారమును గాదు, నేర్పునే.