సంగ్రామ్ నుండి మార్టినీ వరకు: ఒంటి గుండు తుపాకుల సేకరణ

ప్రాచీన ఆయుధ సేకరణ అనగానే పాశ్చాత్య సంపన్నులు, వారి గాజు బీరువాలు మనకు స్ఫురించటం పరిపాటి. కాని ఒకసారికి ఒక్క గుండే పేలే తుపాకులను ఏరి, పేర్లు పెట్టి, పద్దు రాయించిన సేకర్త పదహారవ శతాబ్దిలోనే ఈ దేశాన్ని ఏలాడు.

అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో తెలిపిన ప్రకారం, వేలాది తుపాకుల నుండి అక్బరు తన స్వంతానికి ఎంచుకొన్నవి 105. నెలల పేరిట 12, వారాలకు 30, సౌరదినాలకు 32, అదనంగా 31. ఇనుము బరువు, అది లభించిన చోటు, పనివాని పేరు, తయారైన స్థలం, తేదీ, సంఖ్య తుపాకీపైనే చెక్కేవారు. నేటి మ్యూజియం రిజిస్టరు ఇంతకంటె ఎక్కువ అడగదు! వీటిలో అగ్రగణ్యమైనది ‘సంగ్రామ్’. అది కూల్చిన జంతువుల లెక్క 1,019 అని గ్రంథం నమోదు చేసింది. 1568 ఫిబ్రవరిలో చిత్తోడు ముట్టడిలో కోటగోడపై కనిపించిన ఒక యోధుని అక్బరు ఈ తుపాకీతోనే కాల్చాడు. గుండు తగిలినట్లు చేతికి తెలిసిందని అప్పుడే అన్నాడట. ఆ యోధుడు దుర్గ రక్షకుడైన జయమల్లుడని తరువాత తేలింది.

గుండు ఒక్కటే అయినప్పుడు గురి తప్పరాదు. అందుకే ఇటువంటి తుపాకులలో సైటుకు అంత ప్రాధాన్యం. మన పాత వత్తి తుపాకుల గొట్టం చివర చిన్న బొడిపె, వెనుక గాడి కనిపిస్తాయి. ముందరి సైటును హిందీలో ‘మక్ఖీ’, అంటే ఈగ, అంటారు. 1874లో అమెరికాలోని క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లండు జట్టుతో జరిగిన పోటీలో లక్ష్యం వెయ్యి గజాల దూరం వరకు ఉండేది. సూక్ష్మ కొలతల వెర్నియర్ సైట్లు అక్కడ ప్రసిద్ధి పొందాయి. అమెరికన్లు 934–931తో గెలిచారు. తేడా మూడు పాయింట్లే. బ్రిటిషు సైన్యం 1871లో స్వీకరించిన మార్టినీ–హెన్రీ కూడా ఒంటి గుండు రైఫిలే. దాని సైటు నిచ్చెన వలె పైకి లేచేది. 1878 ఆయుధ చట్టం మాత్రం సామాన్య భారతీయుని చేతికి లైసెన్సు లేనిదే ఆయుధం అందకుండా చేసింది.

ఢిల్లీలో జాతీయ మ్యూజియం, హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాలను భద్రపరచాయి. ఇళ్ళలో ఉన్నవాటి సంగతి వేరు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షను, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలను మినహాయించింది. పేలగలిగినవాటికి లైసెన్సు తప్పదు. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించింది. వారసత్వపు తుపాకీ కూడా ఆ పరిమితిలోనే లెక్క. శాంతిభద్రతల దృష్ట్యా ఈ నిబంధనను నేను ఆక్షేపించను. అయితే తాతగారి రైఫిలును అప్పగించే కుటుంబం దానితోపాటు సైటును, పాత లైసెన్సు కాగితాలను, కొన్న దుకాణం రసీదును కూడా చూపుతున్నదా? సైటు విడిగా అమ్ముడుపోతే ఆ రైఫిలు వేటకు వాడినదో, పోటీకి వాడినదో చెప్పటం కష్టం. అప్పగించిన ఆయుధాన్ని ధ్వంసం చేసే ముందు దాని ముద్రలను, సంఖ్యను, సైటుపై గీతలను ఒక కాగితంపై ఎక్కించి, ఫోటోతో సమీప మ్యూజియానికి పంపటానికి అరగంట చాలు.