లౌషా ఇళ్లలో ఊదిన పండుగ

క్రిస్మస్ చెట్టుకు తొలి రోజుల్లో కట్టినవాటిలో చాలావరకు తినేవే. ఇళ్లలో ఫర్ చెట్లు నిలిపి, వాటికి రంగు కాగితపు గులాబీలు, ఆపిల్ పళ్లు, పల్చటి అప్పాలు, బంగారు రేకులు, చక్కెర మిఠాయిలు వేలాడదీస్తారని 1605లో స్ట్రాస్‌బర్గ్ చూసిన ఒక యాత్రికుడు రాసిపెట్టాడు. పువ్వులు కత్తిరించడం, దారాలు కట్టడం ఇంటిల్లిపాదీ చేసుకునే పని. పండుగ వెళ్లాక పిల్లలు చెట్టు దులిపి మిఠాయిలు పంచుకునేవారు.

ఆ పళ్ల చోటికి గాజు వచ్చింది జర్మనీలోని థురింగియా కొండల్లో ఉన్న లౌషా అనే చిన్న ఊరి నుంచి. 1597లో హాన్స్ గ్రైనర్, క్రిస్టోఫ్ ముల్లర్ అక్కడ గాజు బట్టీ పెట్టారు. కొలిమికి కావలసిన కట్టెలు చుట్టూ అడవిలోనే దొరికేవి. ఊరు ఆ బట్టీ చుట్టూనే పెరిగింది. క్రమంగా బట్టీలో తీసిన గాజు గొట్టాలను జనం ఇంటికి తెచ్చుకుని, బల్ల మీది దీపపు మంటలో కరిగించి పూసలు ఊదడం మొదలుపెట్టారు. పని ఇంట్లోకి వచ్చింది ఇక్కడే.

పళ్లు కొనలేని ఒక పేద పనివాడు 1847లో తన పిల్లల కోసం గాజు ఆపిల్ పళ్లు, అక్రోటు కాయలు ఊదాడని ఊళ్లో ఒక కథ ఉంది. కథకు రుజువు లేదు. మరుసటి ఏటి లెక్కల పుస్తకంలో మాత్రం ఆరు డజన్ల క్రిస్మస్ గుండ్లకు వచ్చిన ఆర్డరు నమోదై ఉంది. ఎవరో అడిగారు, ఎవరో ఊది ఇచ్చారు: కథకన్నా ఆ ఒక్క పద్దే గట్టి సాక్ష్యం. అదే 1848 డిసెంబరులో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ లండన్ పత్రికలో అచ్చయింది. అది చూసి ఇంగ్లండులో ఇంటింటా చెట్టు పెట్టాలన్న మోజు పెరిగింది.

1867లో లౌషాకు గ్యాస్ వచ్చింది. మంట నిలకడగా, మరింత వేడిగా ఉండడంతో కాగితమంత పల్చటి పెద్ద గుండ్లు ఊదడం సాధ్యపడింది.

ఆ ఇళ్లలో పని ఇలా సాగేది. తండ్రి మంట ముందు కూర్చుని, గొట్టాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, గాజు మెత్తబడగానే ఊపిరి వదులుతాడు. పండో పక్షో కావాలంటే వేడి గాజును అచ్చులో పెట్టి ఊదుతాడు. తల్లి ఆ గుండులో సిల్వర్ నైట్రేట్ ద్రావణం పోసి, వేడి నీళ్లలో ముంచి ఆడిస్తుంది. చూస్తుండగానే లోపలి గోడ అద్దంలా మెరుస్తుంది. 1870 ప్రాంతం నుంచి ఈ పద్ధతి స్థిరపడింది. అంతకుముందు తగరం, సీసం కలిపి పోసేవారు. వెండి ద్రావణం పడితే వేళ్లు నల్లబడతాయి, ఆ మచ్చ కడిగినా పోదు. ద్రావణం వంపేసిన గుండ్లను మేకుల పలకకు గుచ్చి రాత్రంతా ఆరబెడతారు. తెల్లారాక రంగులో ముంచడం, కుంచెతో గీతలు దిద్దడం. గుండుకు మిగిలిన గొట్టపు తోక విరిచి, లోహపు టోపీ తొడిగే పనిలో పిల్లల చేతులు కూడా ఉండేవి.

పోచంపల్లిలో మగ్గం ఉన్న ఇల్లు చూసినవారికి ఇది కొత్త కాదు. ఒకరు నేస్తే మరొకరు ఆసు పోస్తారు, ఇంకొకరు కండెలు చుడతారు. ధర మాత్రం షావుకారు చెబుతాడు. లౌషాకు ఆ షావుకార్లు సోనెబర్గ్ పట్టణంలో ఉండేవారు. ఆడవాళ్లు సరుకును పెద్ద బుట్టల్లో పేర్చి, వీపున మోసుకుంటూ కొండ దారిలో అక్కడికి నడిచేవారు. 1886లో రైలు వచ్చేవరకూ ఊరికి ఆ దారే ఆధారం. గాజు సామాను మోసుకుని ఒక్కటీ పగలకుండా కొండ దిగడం చిన్న నేర్పు కాదు. ఈ వృత్తి చరిత్రలో ఊదినవారి పేర్లు కొన్ని మిగిలాయి. పూత పోసినవారి, బుట్ట మోసినవారి పేర్లు దాదాపుగా లేవు.

1880లో అమెరికా వ్యాపారి ఎఫ్.డబ్ల్యు. వూల్‌వర్త్ ఈ గుండ్లను మనసొప్పకుండానే 25 డాలర్లకు తీసుకున్నాడు. చూస్తుండగానే అమ్ముడైపోయాయి. తర్వాత ఆయనే వాటిని పెద్ద ఎత్తున కొంటూ పోయాడు. లౌషాలో చాలా ఇళ్లకు ఆ అమెరికా క్రిస్మస్సే ఏడాది తిండి.

1939లో ఆ బేరానికి దెబ్బ తగిలింది. యుద్ధం జర్మన్ సరుకును ఆపేసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ గాజు కంపెనీ, బల్బుల కోసం తయారుచేసిన యంత్రంతోనే క్రిస్మస్ గుండ్లు తీయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాదికి అది రోజుకు 3 లక్షల గుండ్లు తీస్తోంది. మంట ముందు కూర్చున్న ఏ కుటుంబమూ ఆ లెక్కను అందుకోలేదు.

యుద్ధం తర్వాత లౌషా తూర్పు జర్మనీలో పడింది, వృత్తి చాలావరకు ప్రభుత్వ సంస్థల చేతికి వెళ్లింది. కొందరు పనివాళ్లు సరిహద్దు దాటి, పక్కనే పశ్చిమ జర్మనీలో ఉన్న నోయ్‌స్టాట్‌లో మళ్లీ మంట వెలిగించారు. 1990లో దేశం ఏకమయ్యాక లౌషాలో సొంత పనిశాలలు తిరిగి తెరుచుకున్నాయి. నోటితో ఊదే ఈ పనిని 2021లో జర్మనీ తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పాత అచ్చులు కొన్ని ఈనాటికీ అక్కడ వాడుకలో ఉన్నాయి.