నింగిలో విమానము – నేలపై వార్త

సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు–విజయవాడ రహదారి సాగుచున్నది. ఈ రెండు పట్టణములందు గాని, మిర్యాలగూడయందు గాని విమానాశ్రయము లేదు. అయినను తలమీద విమానము మ్రోగినపుడు పొలములోనివారు సైతము తలయెత్తి చూతురు. ఆ విమానమునకు ముందుగనే దానిని గూర్చిన వార్త గమ్యస్థానమునకు చేరియుండవలెనని మనలో ఎందరికి తట్టును?

1945లో నిజాం ప్రభుత్వమును టాటావారును కలిసి దక్కన్ ఎయిర్‌వేసును నెలకొల్పిరి. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్సునందు లీనమయ్యెను. ఆ కాలమున ప్రపంచమందలి పెద్ద వైమానిక వార్తాకేంద్రములలో టెలిప్రింటర్లదే రాజ్యము. వచ్చిన వార్త కాగితపు పట్టీపై రంధ్రములుగా పడెడిది. ఉద్యోగి చిరునామా చూచి, పట్టీని చించి, వేరొక యంత్రమున కెక్కించెడివాడు. ఆరితేరినవారు ఆ రంధ్రములనే అక్షరములవలె చదివెడివారు. ఆ నేర్పును మనము చిన్నచూపు చూడరాదు. కాని వార్తలు గుట్టలు పడిన రాత్రి, ‘రన్‌వే మూసివేయబడినది’ అను పట్టీ అడుగున పడిపోయినచో?

అందులకే వార్తలకు వరుస యేర్పడినది. ఆపదవార్తకు ఎస్‌ఎస్, అత్యవసరమునకు డీడీ, విమానక్షేమమునకు ఎఫ్‌ఎఫ్, వాతావరణమునకు జీజీ. ఈ వరుసను అలసట యెరుగక పాటించుటకే కంప్యూటరు వచ్చినది.

ఈ కథలో మన హైదరాబాదునకును పాలున్నది. 1967లో ఇచట స్థాపితమైన ఈసీఐఎల్, 1969లో టీడీసీ–12 అను కంప్యూటరును రూపొందించినది. తరువాత విమానాశ్రయములకు వార్తలను తనంతట తానే మళ్లించు యంత్రవ్యవస్థనుకూడ సమకూర్చినది. చిరునామాలో మొదటి నాలుగక్షరములు ఊరిని తెలుపును: శంషాబాదునకు వీఓహెచ్‌ఎస్, గన్నవరమునకు వీఓబీజడ్. యంత్రము వానిని చదివి, ప్రాముఖ్యమునుబట్టి వార్తను ముందునకో వెనుకకో జరిపి పంపును. ప్రతి వార్తకును వరుససంఖ్య కలదు. నలువదియొకటి తరువాత నలువదిమూడు వచ్చినచో, నడుమ నొకటి తప్పినదని తక్షణమే తెలియును. పంపిన వార్తల ప్రతులను కనీసము ముప్పది దినములు భద్రపరుపవలెను. ప్రమాదము జరిగినచో, ఎవరికి ఏ వార్త ఏ నిమిషమున చేరినదో విచారణలో చెప్పునవి అవియే.

2008 మార్చిలో ప్రయాణికుల విమానములు బేగంపేటనుండి శంషాబాదునకు తరలినవి. ఊరి అక్షరములును మారినవి. అక్షర మొకటి తప్పినచో యంత్రము ఊహింపజాలదు. ఆ వార్తను ప్రక్కకు పెట్టి ఉద్యోగి ముందుంచును. అతడు దానిని కంటితో చదివి, సరిదిద్ది, మరల పంపును.