నెంబరు లేని బండికి బీమా ఉన్నా ధీమా లేదు
రిజిస్ట్రేషన్ వాయిదా వేస్తే పోయేది జరిమానా ఒక్కటే కాదు

కొత్త బండి ఇంటికి వస్తుంది. ఆంజనేయస్వామి గుడి ముందు నిలిపి పసుపు కుంకుమ బొట్లు పెడతారు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. ఇక మిగిలేది రిజిస్ట్రేషన్. పంట డబ్బు చేతికొచ్చాక చూద్దామని కొందరు, ఊళ్లో తిరిగే బండికి నెంబరెందుకని మరికొందరు దీనిని వాయిదా వేస్తుంటారు. నెంబరు పలక ఉండాల్సిన చోట అభిమాన కథానాయకుడి బొమ్మో, ‘ఫర్ రిజిస్ట్రేషన్’ అన్న అక్షరాలో కనిపిస్తుంటాయి. తనిఖీలో దొరికితే జరిమానా కడితే సరిపోతుందన్నది వారి లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో బండి చోరీకి గురైన రోజునో, ప్రమాదం జరిగిన రోజునో గాని తెలియదు.

ఊరి రోడ్డుకూ వర్తింపు

మోటారు వాహనాల చట్టం-1988లోని 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో ఎవరూ నడపరాదు. యజమాని మరొకరి చేత నడిపించరాదు, నడపడానికి అనుమతించనూ రాదు. అంటే నెంబరు లేని బండి తాళం బావమరిది చేతికిచ్చి పంపినా తప్పు ఇద్దరిదీ అవుతుంది.

బహిరంగ ప్రదేశమంటే జాతీయ రహదారి మాత్రమేనన్న అపోహ పల్లెల్లో ఎక్కువ. ప్రజలకు రాకపోకల హక్కు ఉన్న ప్రతి దారీ దీని కిందికే వస్తుంది. ఊళ్లోని సిమెంటు రోడ్డుకూ, చేలకు వెళ్లే డొంక దారికీ మినహాయింపు లేదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 47వ నిబంధన ప్రకారం బండి చేతికందిన ఏడు రోజుల్లోగా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. ఫారం-20 దరఖాస్తుతో పాటు డీలరు ఇచ్చే విక్రయ ధ్రువపత్రం (ఫారం-21), తయారీదారు ఇచ్చే ఫారం-22, బీమా పత్రం, చిరునామా రుజువు జతచేయాలి. ఛాసిస్ నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసే అచ్చు ఈ దరఖాస్తులోకే వెళుతుంది. బండికి, కాగితానికి ముడివేసేది ఆ అచ్చే.

2019 నాటి చట్ట సవరణ ఈ బాధ్యతను చాలావరకు డీలరు మీదికి మార్చింది. అదే రాష్ట్రంలో రిజిస్టరు కావలసిన కొత్త బండికి డీలరే దరఖాస్తు చేయాలని, నెంబరు పలక బిగించకుండా బండిని కొనుగోలుదారుకు అప్పగించరాదని ఆ సవరణ చెబుతోంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ (టీఆర్) మీద బండి తెచ్చుకున్నవారు మాత్రం గడువు తేదీని కనిపెట్టుకొని ఉండాలి. టీఆర్ గడువు సాధారణంగా నెల రోజులు. అది ముగిసిన మరునాటి నుంచి ఆ బండి చట్టం దృష్టిలో నెంబరు లేని బండే.

బరువంతా పన్నుదే

నిజానికి రిజిస్ట్రేషన్ రుసుము స్వల్పం. 2016 డిసెంబరులో జరిగిన సవరణతో కొత్త ద్విచక్ర వాహనానికి ఇది రూ.300 అయింది. కొనుగోలుదారుకు బరువనిపించేది జీవితకాల పన్ను. బండి ధర మీద శాతం చొప్పున దీనిని ఒకేసారి చెల్లించాలి. ధరను బట్టి వర్తించే శ్లాబులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పలుమార్లు మారినందున, కొనే నాటి రేటును రవాణాశాఖ కార్యాలయంలో తెలుసుకోవాలి. ఉదాహరణకు రూ.80 వేల బండికి 12 శాతం చొప్పున లెక్కిస్తే పన్ను రూ.9,600 అవుతుంది. వాయిదా వేసేవారు మిగిల్చుకుంటున్నామని అనుకునే మొత్తం ఇదే. అయితే ఇది మాఫీ అయ్యే సొమ్ము కాదు. ఎప్పుడు రిజిస్ట్రేషన్‌కు వెళ్లినా కట్టక తప్పదు.

పట్టుబడితే...

రిజిస్ట్రేషన్ లేకుండా వాహనం నడిపితే 192వ సెక్షన్ ప్రకారం మొదటిసారి రూ.2,000కు తగ్గకుండా రూ.5,000 వరకు జరిమానా పడుతుంది. మళ్లీ పట్టుబడితే రూ.5,000 నుంచి రూ.10,000 వరకు జరిమానా, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

2019 సవరణ చట్టం 192బి అనే కొత్త సెక్షన్‌ను చేర్చింది. రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయని యజమానికి వార్షిక పన్నుకు అయిదు రెట్లు గాని, జీవితకాల పన్నులో మూడో వంతు గాని, ఏది ఎక్కువైతే అది జరిమానాగా నిర్ణయించింది. పైన చెప్పిన రూ.80 వేల బండి విషయంలో మూడో వంతు అంటే రూ.3,200. అసలు పన్ను దీనికి అదనం. దరఖాస్తు చేయాల్సిన డీలరు చేయకపోతే వార్షిక పన్నుకు పదిహేను రెట్లు లేదా పూర్తి జీవితకాల పన్ను, ఏది ఎక్కువైతే అది చెల్లించాలి. తప్పుడు పత్రాలతోనో, ఛాసిస్, ఇంజిన్ నెంబర్లు సరిపోలని స్థితిలోనో రిజిస్ట్రేషన్ పొందిన యజమానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలుశిక్షతో పాటు జరిమానా ఉంటుంది.

వీటన్నింటికీ మించి 207వ సెక్షన్ కింద బండిని స్వాధీనం చేసుకొని నిలిపి ఉంచే అధికారం పోలీసులకు ఉంది. ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పుపట్టిన బండ్లు ఏ పోలీసుస్టేషన్ ఆవరణలోనైనా కనిపిస్తాయి. తనదేనని నిరూపించే ఆర్సీ లేనివాడికి అక్కడి నుంచి బండిని విడిపించుకోవడం అంత తేలిక కాదు.

సుప్రీంకోర్టు తేల్చిందిదే

కొత్త బండితో పాటే బీమా పత్రం వస్తుంది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ‘బీమా ఉంది కదా’ అన్న భరోసాతోనే చాలామంది నెంబరు సంగతి మరచిపోతున్నారు. థర్డ్ పార్టీ బీమా ఎదుటివారికి కలిగే నష్టానికి మాత్రమే. సొంత బండి దెబ్బతిన్నా, చోరీకి గురైనా పరిహారం రావాలంటే సొంత నష్టం బీమా వేరుగా ఉండాలి. అది ఉన్నా, రిజిస్ట్రేషన్ లేకపోతే అక్కరకు రాకపోవచ్చని సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో స్పష్టం చేసింది.

మొదటిది 2014 సెప్టెంబరు నాటిది. ఒక పికప్ వాహనానికి నెల రోజుల తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేయించారు. 2006 జనవరిలో ఆ గడువు ముగిసింది. కొద్ది వారాలకే వాహనం ప్రమాదంలో దెబ్బతింది. బీమా అమల్లో ఉన్నా కంపెనీ పరిహారం నిరాకరించింది. రిజిస్ట్రేషన్ లేకుండా వాహనాన్ని రోడ్డెక్కించడం నేరమే గాక, బీమా ఒప్పంద షరతులకు మౌలిక ఉల్లంఘన కూడా అవుతుందని సుప్రీంకోర్టు పేర్కొంది.

రెండోది 2021 సెప్టెంబరు 30 నాటిది. రాజస్థాన్‌కు చెందిన ఒక వ్యక్తి పంజాబ్‌లో కొన్న బొలెరో తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు 2011 జులై 19న ముగిసింది. పది రోజుల్లోపే, జోధ్‌పూర్‌లో ఆయన బస చేసిన అతిథి గృహం బయట నిలిపి ఉన్న ఆ వాహనాన్ని దొంగలు ఎత్తుకెళ్లారు. వినియోగదారుల కమిషన్లు యజమాని పక్షాన తీర్పునిచ్చినా, సుప్రీంకోర్టు వాటిని తోసిపుచ్చింది. గడువు తీరిన వాహనాన్ని ఊరు దాటించి తీసుకువెళ్లడమే ఉల్లంఘనగా పరిగణించి బీమా సంస్థ వాదనను సమర్థించింది.

ఈ రెండు కేసులూ నాలుగు చక్రాల వాహనాలవే. కానీ 39వ సెక్షన్ చక్రాల సంఖ్యను చూడదు. అప్పు చేసి కొన్న మోటారు సైకిల్ టీఆర్ గడువు తీరాక సంతలోనో, ఆసుపత్రి ఎదుటో మాయమైతే ఆ యజమానికి ఎదురయ్యే ప్రశ్న ఇదే. బండి ఉండదు, పరిహారం రాదు. ఫైనాన్స్ కంపెనీకి కట్టాల్సిన నెల వాయిదాలు మాత్రం ఆగవు.

ఎదుటివారికి దెబ్బ తగిలితే మరింత నష్టం. రిజిస్ట్రేషన్‌తో పాటు బీమా కూడా లేని బండి ఢీకొని ఎవరైనా మరణించినా, వికలాంగులైనా మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్ నిర్ణయించే పరిహారాన్ని యజమాని సొంత ఆస్తి నుంచే చెల్లించాలి. ఎకరం పొలం ఉన్న కుటుంబానికి అది తలకు మించిన భారం.

అమ్మినా వదలని బాధ్యత

నెంబరు ఉండి పేరు మారని బండ్లు మరో రకం. స్టాంపు కాగితం మీద రాసుకొని, తాళంతో పాటు ఆర్సీ చేతికిచ్చి అమ్మకం అయిపోయిందనుకునే అలవాటు జిల్లాల్లో పాతుకుపోయింది. ఆ బండి మరో ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది. రికార్డుల్లో మాత్రం మొదటి యజమాని పేరే నిలిచిపోతుంది.

చట్టం దృష్టిలో ఎవరి పేరున రిజిస్టరై ఉందో వారే యజమాని. 2009లో జరిగిన ఒక ప్రమాదానికి సంబంధించిన కేసులో కారును 2007లోనే అమ్మేశానని, తరువాత అది పలువురి చేతులు మారిందని రిజిస్టరైన యజమాని వాదించారు. అయినా రికార్డుల్లో పేరు మారనందున పరిహారం బాధ్యత ఆయనదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణాశాఖకు తెలియజేయాలి. ఇందుకు ఫారం-29, ఫారం-30 వాడతారు. ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే బాకీ తీరినట్లు ఫారం-35 తీసుకొని, ఆర్సీ నుంచి ఆ నమోదును తొలగించుకోవాలి.

బెంగళూరు, చెన్నైల నుంచి బండి తెచ్చుకున్నవారికీ నిబంధన ఉంది. మరో రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే 47వ సెక్షన్ ప్రకారం కొత్త నెంబరు పొందాలి. పాత చోట నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఇక్కడి పన్ను కట్టాలి.

పదిహేనేళ్లు దాటితే

సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. ఆ తరువాత అయిదేళ్లకోసారి పునరుద్ధరించాలి. గడువుకు ముందున్న 60 రోజుల్లోగా ఫారం-25తో దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి ద్విచక్ర వాహనాల పునరుద్ధరణ రుసుము రూ.1,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో రూ.2,000గా నిర్ణయించారు. పాత బండ్లకు హరిత పన్ను అదనం. పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు మోసే పాత బండ్లలో గడువు తీరినవి ఉంటే అవి కూడా నెంబరు లేని బండ్ల కిందే లెక్క.

నెంబరు పలక

ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 15 అంటే కరీంనగర్, ఏపీ 21 అంటే కర్నూలు. 2014 విభజన తరువాత తెలంగాణలో టీఎస్ వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు టీజీ ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాకో కోడ్ పద్ధతి పోయి 2019లో అన్ని జిల్లాలకూ ఏపీ 39 వచ్చింది.

2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన బండ్లకు హై సెక్యూరిటీ పలక తప్పనిసరి. దాని మీద హోలోగ్రామ్, లేజర్‌తో చెక్కిన ప్రత్యేక సంఖ్య ఉంటాయి. ఒకసారి బిగించాక పగలగొట్టకుండా ఊడదీయలేరు. తాత్కాలిక నెంబరును పసుపు పలక మీద ఎర్ర అక్షరాలతో రాయాలి. కాగితం మీద రాసి అతికించిన నెంబరు చెల్లదు.

మినహాయింపు వీటికే

గంటకు 25 కిలోమీటర్ల వేగం మించని, మోటారు సామర్థ్యం 250 వాట్లు దాటని బ్యాటరీ బండ్లకు రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అంతకు మించిన విద్యుత్ బండ్లు రిజిస్టరు కావలసిందే. అయితే 2021 ఆగస్టు నుంచి వాటికి ఆర్సీ రుసుము మినహాయించారు. మినహాయింపు రుసుముకే గాని రిజిస్ట్రేషన్‌కు కాదు.

వాహనదారులు గుర్తుంచుకోవలసినవి

* టీఆర్ పత్రం మీద గడువు తేదీ చూసుకోవాలి. ఆ తేదీ దాటితే శాశ్వత నెంబరు వచ్చేవరకు బండిని రోడ్డెక్కించరాదు.
* పన్ను, రుసుము చెల్లించిన రసీదులను డీలరు నుంచి విడివిడిగా తీసుకోవాలి. డబ్బు కట్టినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అయినట్లు కాదు.
* ఆర్సీ వచ్చాక దానిలోని ఛాసిస్, ఇంజిన్ నెంబర్లను బండి మీదివాటితో సరిచూసుకోవాలి.
* పాత బండి కొనేముందు ఆర్సీలో ఉన్న పేరు, ఫైనాన్స్ బాకీ, బీమా గడువు పరిశీలించాలి.
* బండి అమ్మినవారు కొత్త యజమాని పేరు రికార్డుల్లోకి ఎక్కే వరకు బాధ్యత తమదేనని గ్రహించాలి.
* డిజిలాకర్, ఎంపరివాహన్‌లలో చూపే ఆర్సీ తనిఖీల్లో చెల్లుతుంది. కాగితం ఇంట్లో మరచిపోయినా చరవాణిలో చూపవచ్చు. అసలు రిజిస్ట్రేషనే లేనివారికి చూపడానికి ఏమీ ఉండదు.