వీసము, పరక, మువ్వీసము

సువర్ణముఖీ తీరమున, గూడూరు సూళ్లూరుపేటల నడుమ, చెన్నపట్నము నుండి కలకత్తాకు పోవు రాజమార్గము నానుకొని యున్న నాయుడుపేట చిరకాలము నెల్లూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి తిరుపతి జిల్లాలోనిది. ఈ ఊరి రైలు స్టేషనులో ఒకనాటి ప్రాతఃకాలమున చెన్నపట్నపు బండి కొరకు వేచియుండగా, నా ప్రక్కన కూర్చున్న పట్టభద్రుడైన యువకు డొకడు, బ్యాంకు ఆఫీసరు ఉద్యోగపు పరీక్షకు చదువుచున్నవాడు, నోటుపుస్తకము తెరచి పెదవులు కదలించుచు ఏదియో వల్లించుచుండెను. పుటకు ఎడమవైపున భిన్నములు, కుడివైపున వానికి సరియగు శాతములు: ఎనిమిదింట నొకటి పన్నెండున్నర, పదునారింట నొకటి ఆరుంబావు, పదునారింట మూడు పదునెనిమిది ముప్పావు. ఆ పుట నాకు క్రొత్తగా తోచలేదు. రెండు నూరేండ్ల క్రిందట ఈ సీమ వీధిబడులలో బాలురు గొంతెత్తి చెప్పిన పరక, వీసము, మువ్వీసములే అవి.

మన పూర్వులు ఒకటిని పది భాగములుగా గాక నాలుగుగా విభజించి, ఆ నాల్గవ వంతును మరల నాలుగుగా విభజించుచు పోయిరి. కాలు, అర, ముప్పాతిక అనునవి మొదటి మెట్టు. వీసము, పరక, మువ్వీసము అనునవి రెండవ మెట్టు. మొదటి మెట్టు భాగములకు నిలువుగీట్లు, రెండవ మెట్టు భాగములకు అడ్డగీట్లు. మొదటి మెట్టు స్థానమున ఏమియు లేనిచో ‘హళ్లి’. లెక్క వ్రాయువారు నిత్యము వాడిన ఈ గుర్తులు క్రమముగా మరుగుపడి, 2008లో యూనికోడు పట్టికలో చోటు సంపాదించుకొనినవి. మహావీరాచార్యుని సంస్కృత గణితమును పావులూరి మల్లన పద్యములలో తెనిగించిన నాటినుండియు గణితము తెనుగువారికి కంఠస్థవిద్యయే.

ఆ విద్య నేర్పిన రీతిని మనకు తేటగా చూపునది, 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లకు వ్రాయించిన తాఖీదునకు బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన ప్రత్యుత్తరము. ఆ జిల్లాలో 533 విద్యాలయములు, వానిలో 6,641 మంది విద్యార్థులు. తెలుగు బడులు 226. పిల్లవాడు తొలుత ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. పిమ్మట కూడికలు, తీసివేతలు, రూకల లెక్కలు, కొలతల లెక్కలు. వీనన్నిటికంటె మిక్కుటముగా భిన్నములపై శ్రద్ధ. దినమునకు రెండుమారులు బాలురందరు బారులు తీరి నిలిచి, పెద్దవిద్యార్థి యొకడు చెప్పుచుండగా ఎక్కములను, భిన్నములను, మానములను ఒక్క గొంతుతో అప్పగింపవలెను. ఇట్లు ఇసుకలో వ్రాయించుట, విద్యార్థిచే విద్యార్థికి చెప్పించుట అను పద్ధతులను 1789 ప్రాంతమున ఎగ్మూరు అనాథశాలలో ప్రవేశపెట్టిన ఆండ్రూ బెల్ దొర వానిని గూర్చి 1797లో లండనులో పుస్తకము ప్రకటింపగా, ఇంగ్లాండులో వానికి మద్రాసు పద్ధతియనియే పేరు వచ్చినది. మన అరుగుల మీది చదువునకు దక్కిన ఈ గౌరవము మన పాఠ్యపుస్తకములలో కనబడకుండుట నాకు బాధాకరము.

బాలురు అర్థము తెలియకయే గ్రంథములు వల్లించుచున్నారని కాంబెల్ ఆక్షేపించెను. కావ్యముల విషయమున అది నిజమే కావచ్చును; ఎక్కముల విషయమున నేను ఒప్పుకొనజాలను. కరణీకమునకో, దుకాణమున గుమాస్తాపనికో పోవువానికి పుట్టికి ఇరువది తూములనియు, తూమునకు నాలుగు కుంచములనియు, రూపాయికి పదునారణాలనియు తడుముకొనక తెలియవలెను. పుట్టి ధాన్యము ముప్పది రూపాయలైనచో కుంచ మెంతయని అడుగగానే, కుంచములు ఎనుబది గనుక రూపాయిలో ఎనిమిదింట మూడు భాగములు, అనగా మూడు పరకలు, ఆరణాలు, అని చెప్పగలవానికే కొలువు దొరకినది. జ్ఞాపకము బరువు మోయుటచేత బుద్ధి తేలికపడి ముందునకు సాగినది.

1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి నూరు నయాపైసలు వచ్చినవి. దశాంశపద్ధతి మేలైనదే, దానివలన సామాన్యునకు లెక్క సులువైనది. అయితే అణాలతోపాటు ఎక్కమును కూడ పాతసామాను క్రింద జమకట్టిరి. 1984లో కరణీకములు రద్దగుటతో వీసము, పరక అను మాటలు పలుకువారును తగ్గిపోయిరి.

వదలిన విద్యయే వేఱొక ద్వారమున తిరిగి వచ్చినది. 1969లో పదునాలుగు బ్యాంకులు జాతీయమైన పిమ్మట పట్టభద్రులకు ఉద్యోగములు పెరిగినవి, వానితో పరీక్షలును పెరిగినవి. 2011 నుండి పలు ప్రభుత్వ బ్యాంకులకు కలిపి ఐబీపీఎస్ అను సంస్థ ఉమ్మడి పరీక్ష నడుపుచున్నది. ఆఫీసరు పరీక్ష తొలి అంచెలో ముప్పదియైదు లెక్కలకు ఇరువది నిమిషములు, అనగా లెక్కకు ముప్పదినాలుగు సెకండ్లు; తప్పు వ్రాసినచో ఆ ప్రశ్న మార్కులో కాలు వంతు కోత. ప్రైవేటు కంపెనీల ఆప్టిట్యూడ్ టెస్టులలోను ఇట్టి తొందరయే. పట్టికలను, చిత్రములను చదివి విషయము గ్రహించు ప్రశ్నలు వీధిబడి యెరుగదు, నిజమే. కాని ఆ ప్రశ్నలకు సమయము మిగులవలెనన్నను భిన్నములు నాలుకపై నుండవలసినదే. ఎనిమిదేండ్ల ప్రాయమున అరుగుమీద వచ్చిన ఈ విద్యకై మన బిడ్డలు ఇరువదిరెండేండ్లకు నంద్యాలలోను, అమీర్‌పేటలోను గదులు అద్దెకు తీసికొని, తల్లిదండ్రుల కష్టార్జితము కోచింగు ఫీజులకు పోయుచున్నారు.

ఆ యువకుని అడిగితిని: “ఆరువందల నలభైలో పద్దెనిమిది ముప్పావు శాతం ఎంత నాయనా?”

“నూటిరవై సార్. పదహారో వంతు నలభై, దానికి మూడు రెట్లు.”

పదునారవ వంతును వీసమందురని, మూడు వీసములు మువ్వీసమని చెప్పగా, అతడు ఆ రెండు మాటలను పెన్సిలుతో అంకెల ప్రక్కన వ్రాసికొనెను. “వీసం కింద ఇంకేమైనా ఉందా సార్?” అనెను. వీసములో నాల్గవ వంతును ‘కాని’ యందురు, అంటిని. అతడు క్షణకాలము కన్నులు మూసికొని, “ఒకటి పాయింటు అయిదు ఆరు రెండు అయిదు” అని, పుట అడుగున మరియొక పంక్తి చేర్చెను. అంతలో బండి వచ్చినది.