దీపము, బావి, బాట: మన స్థానిక సంఘముల నిత్యకృత్యములు

స్థానిక సంఘముల తీర్మానముల పుస్తకమును చదువుటకు సాధారణముగ నెవ్వరును ఉత్సాహపడరు. అందు యుద్ధములు లేవు, పట్టాభిషేకములు లేవు. ఒక వీధిలో దీపస్తంభము పాతుట, ఒక బావికి ఒర కట్టించుట, సంత పాటను ఖాయపరచుట, ఒకరి యింటిపన్ను తగ్గింపుమను మనవిని త్రోసిపుచ్చుట, తిరిగి మరుసటి మాసమున ఆ దీపస్తంభమును గూర్చియే చర్చించుట; ఇట్టి విషయములే యందు నిండియుండును. అయినను ఒక చిన్న పట్టణమున జీవించిన మనుష్యుని నిత్యజీవితమునకు ఈ పుస్తకముకంటె సన్నిహితమైన చరిత్ర లేదు. రాజ్యములు మారినను వాని వీధిలోని మురుగుకాలువ మారకపోవచ్చును. ఆ కాలువను మార్చు అధికారము ఎవరికి కలదు, అందులకు సొమ్మెవరిచ్చిరి, ఇచ్చినవారి నడిగిరా లేదా అను మూడు ప్రశ్నలే స్థానిక పరిపాలన చరిత్రకు ప్రాణము. మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ఈ ప్రశ్నలను గొంత విచారించుట యుచితమని తలంచెదను. ఏలయన, మన గ్రంథాలయములకును ఆ యింటిపన్నునకును బాంధవ్యము కలదు. దానిని కడపట వివరించెదను.

పూర్వము మన గ్రామములయందు చెఱువు గట్టు, దేవాలయము, సత్రము మొదలైనవానిని గ్రామస్థులు తమలో తాము చక్కపెట్టుకొనుచుండిరి. నేటి యర్థమున స్థానిక సంఘము లనదగినవి తెలుగు జిల్లాలలో ఆంగ్లేయ ప్రభుత్వకాలమున నేర్పడినవి. చెన్నరాజధానిలో 1871లో స్థానిక నిధుల చట్టము వచ్చెను. జిల్లాలను కొన్ని మండలములుగ విభజించి, కలెక్టరు అధ్యక్షతను సంఘముల నేర్పరచి, బాటలు, పాఠశాలలు, వైద్యశాలలు, పారిశుద్ధ్యము మున్నగువానిని వారి కప్పగించిరి. పిమ్మట 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి ప్రసిద్ధమైన తీర్మానమును గావించెను. దాని ఫలితముగ 1884 నాటి చట్టముచే జిల్లాబోర్డులు, తాలూకాబోర్డులు, వానిక్రింద యూనియనులు ఏర్పడెను. పెద్ద గ్రామములును, పురపాలక సంఘమునకు చాలని చిన్న పట్టణములును ఈ యూనియనులలో చేరెను. గ్రామ మునసబులు పదవీరీత్యా సభ్యులు. తక్కినవారును మొదట చాలవరకు నియమింపబడినవారే. వారి ముఖ్యాదాయము ఇంటిపన్ను. వారి ముఖ్యకృత్యములు వీధులు ఊడ్పించుట, దీపములు వెలిగించుట, బావులను చెఱువులను శుభ్రపరచుట, మురుగు పోవు మార్గమును చూచుట.

ఈ కృత్యములు వినుటకు స్వల్పములు. కాని ప్రతిదానియందును ఒక న్యాయాన్యాయ విచక్షణ యిమిడియున్నది. దీపము సంగతి చూడుడు. విద్యుచ్ఛక్తి రాకపూర్వము వీధులలో కిరసనాయిలు దీపములే యుండెను. సాయంకాలమున నొక మనుష్యుడు నిచ్చెన భుజమున వేసికొని, నూనెడబ్బా చేతబట్టి, గాజుచిమ్నీలను తుడిచి, ఒక్కొక్క దీపమును వెలిగించుచు పోవుచుండెను. నూనె ఖర్చునకు వెఱచి, పున్నమికి ముందువెనుకల రాత్రులలో దీపములు వెలిగింపకుండుట అనేక తావుల వాడుక. ఆ రాత్రులలో మబ్బు పట్టినచో ఊరికి చంద్రుడును లేడు, దీపమును లేదు. సొమ్ము పది దీపములకు మాత్రమే చాలినపుడు ఆ పదియు నెచ్చట నుండవలెను? సంఘ సభ్యుల వాకిళ్ల ముంగిటనా? అంగళ్ల వీధిలోనా? చీకటివేళ పనినుండి తిరిగివచ్చు కూలివారి పేట మొదటనా? ఈ ప్రశ్నకు చట్టమున సమాధానము లేదు. సభ్యుల మనస్సాక్షిలోనే యున్నది.

ఆదాయమును గూర్చిన తీర్మానములును ఇట్టివే. ఇంటిపన్ను గాక స్థానిక సంఘములకు సంత రుసుము, బందెలదొడ్డి, బాటప్రక్క చింత, మామిడి మొదలగు చెట్ల ఫలసాయము, రేవులలో బల్లకట్టు మొదలైనవానివలన ఆయా బోర్డుల తరగతి ననుసరించి రాబడి యుండెను. వీనిని వేలము వేయుట యాచారము. హెచ్చుపాట పాడినవానికి ఖాయపరచినచో సంఘమునకు లాభము. కాని సంతపాట హెచ్చిన కొలది పాటదారు ఆ సొమ్మును ఎవరియొద్ద రాబట్టుకొనును? కూరగాయల గంప నెత్తిన బెట్టుకొని నాలుగు క్రోసులు నడచి వచ్చిన ముసలమ్మయొద్దనే కదా. ఆమె కట్టు రుసుము నిర్ణీతమై, ఆ పట్టిక సంత మొగదలలో వ్రాసి యుంచబడినచో ఆమెకు రక్షణ గలదు. లేనిచో పాటదారు మాటయే చట్టము. కావున రుసుము పట్టిక నొకదానిని బల్లపై వ్రాయించి వ్రేలాడదీయవలెనను తీర్మానము, ఆ ముసలమ్మకు శాసనసభలోని పెక్కు ఉపన్యాసములకంటె ఉపకారము.

బావుల విషయము ఇంతకంటె గంభీరమైనది. ప్రజల పన్నుతో త్రవ్వించిన బావిలో ప్రజలందఱును నీరు తోడుకొనవచ్చునా? వ్రాతలో అభ్యంతరము లేకపోయినను ఆచారమున అంటరానివారని పిలువబడినవారికి ఆ గట్టు ఎక్కు హక్కు లేకుండెను. 1924లో చెన్న శాసనసభయందు రెట్టమలై శ్రీనివాసన్ గారు ప్రతిపాదింపగా, ప్రభుత్వ బాటలు, బావులు, చెఱువులు, ప్రజాస్థలములు ఎల్లవర్ణములవారికిని సమానముగ తెఱచియుండవలెనని తీర్మానము ఆమోదింపబడెను. దాని ననుసరించి ప్రభుత్వోత్తరువును వెలువడెను. ఆ యుత్తరువు ప్రతి స్థానిక సంఘమునకును చేరెను. దానిని చదివి దాఖలు చేసికొనుట యొక్క నిమిషము పని. ఆ ప్రకారము బావి గట్టున నిలువబడి, తోడుకొనవచ్చిన స్త్రీకి చేద నందిచ్చుట మఱియొక పని. ఆ రెండవ పనిని చేసినవారు కొలదిమంది. పేటకు వేఱుగ నింకొక బావి త్రవ్వించి బాధ్యత తీరినదని తలంచిన సంఘములే హెచ్చు. ఈ యొక్క విషయమున మన స్థానిక సంఘముల చరిత్ర మనకు గర్వకారణము కాదని యొప్పుకొనుట సత్యమునకు మనము చెల్లింపవలసిన పన్ను.

ఇక పన్ను సంగతి. సామాన్యముగ నొక యూరి పన్ను ఆ యూరి పొలిమేర దాటి వార్త కాదు. కాని చీరాల పేరాలలయందు నట్లు గాలేదు. నాడు గుంటూరు జిల్లాయందుండి, 1970 నుండి ప్రకాశం జిల్లాయందును, 2022 నుండి బాపట్ల జిల్లాయందును చేరియున్న ఈ జంటగ్రామములు ప్రధానముగ చేనేతకు పేరొందినవి. ఇవి మొదట యూనియనుగ నుండెను. సాలునకు సుమారు 4,000 రూపాయల పన్ను వచ్చుచుండెను. 1919లో ప్రభుత్వము వీనిని పురపాలక సంఘముగ మార్చెను. పారిశుద్ధ్యము బాగుపడుననియు, మంచినీటి వసతి కలుగుననియు అధికారుల వాదము. పన్ను 40,000 రూపాయలదాక పోవుననియు, సుమారు 15,000 జనమున్న నేతగాండ్ర యూరు దానిని మోయజాలదనియు ప్రజల వాదము. ప్రజలు మనవులు పెట్టుకొనిరి, ఫలము లేకపోయెను. సభ్యులు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము జీతముపై నొక అధ్యక్షుని నియమించెను. పన్ను కట్టమన్నవారిలో కొందఱు కారాగారమునకు పోయిరి. వారిలో నొక స్త్రీయు నుండెను.

ఈ యుద్యమమునకు నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. 1889లో జన్మించి, ఎడింబరోలో చదివి, ఆనంద కుమారస్వామిగారితో కలసి అభినయదర్పణమును ఆంగ్లమున వెలయించిన పండితుడు. 1921 మార్చి కడపట బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైన పిమ్మట, ఏప్రిలు 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. శాంతముగ పన్ను నిరాకరించుట యొకమార్గము, ఊరు విడిచి పురపాలక సంఘపు ఎల్లల వెలుపలకు పోవుట రెండవ మార్గమని ఆయన సూచించెను. ప్రజలు రెండవదానిని ఎన్నుకొనిరి. ఆ నెల కడపట సుమారు 13,000 మంది తమ యిండ్లను, బావులను, మగ్గపు గుంటలను విడిచి పొలిమేర వెలుపల పాకలు వేసికొని, ఆ కొత్త యూరికి రామనగరమని పేరిడిరి. ఎండలలోను, వానలలోను, చలిలోను సుమారు పదునొకండు మాసము లట్లుండిరి. రామదండను స్వచ్ఛంద సేవకదళము వారికి తోడుపడెను. గోపాలకృష్ణయ్యగారు నిషేధాజ్ఞ నుల్లంఘించి బరంపురమున ప్రసంగించి నిర్బంధితులై, తిరుచినాపల్లి చెఱసాలకు పంపబడిరి. నాయకుడు దూరమై, ధనము కొఱవడి, ప్రజలు తుదకు 1922లో తిరిగి తమ యిండ్లకు చేరిరి. ప్రభుత్వము తన పట్టు విడువలేదు. గోపాలకృష్ణయ్యగారు 1928లో ముప్పది తొమ్మిదవ యేటనే కీర్తిశేషులైరి.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. 1920 డిసెంబరు నుండి చెన్నరాజధానిలో స్థానిక స్వపరిపాలనశాఖ తెలుగువారైన పానగల్లు రాజాగారి చేతిలో నుండెను. మంత్రి మనవాడు, శాఖ పేరు స్వపరిపాలనము, అయినను ఊరివారి సమ్మతి లేకయే పురపాలన సాగెను. మురుగుకాలువలు వలదని చీరాలవారు ఊరు విడువలేదు. మంచినీరు చేదని యెవ్వరును అనలేదు. మా బరువును మమ్మడిగి మోపుడనిరి. ప్రభుత్వ పక్షమును న్యాయముగ చెప్పవలెనన్నచో, పారిశుద్ధ్యమునకు సొమ్ము కావలెననుటలో దోషము లేదు. సొమ్ము లేక కలరా ఆగదు. దోషము క్రమములో నున్నది. ముందు తీర్మానించి పిదప విన్నారు. ముందు విని పిదప తీర్మానింపవలసియుండెను. లెక్కల పుస్తకములోని యొక పంక్తి వేలమంది నెత్తిపై కప్పును తీసివేయగలదని ఈ యుదంతము మనకు బోధించుచున్నది.

తరువాతి కథను సంగ్రహించెదను. 1920 నాటి చట్టములచే ఎన్నికల పద్ధతి విస్తరించెను. తాలూకాబోర్డులు 1934లో రద్దయ్యెను. 1950 నాటి చెన్న గ్రామపంచాయతీల చట్టముచే వయోజనులందఱకును ఓటుహక్కు లభించెను. 1959 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు, జిల్లాపరిషత్తులు అమలులోనికి వచ్చెను. రాజస్థానము తరువాత ఈ పద్ధతి నవలంబించిన రెండవ రాష్ట్రము మనదే. ఆంధ్రప్రాంతమున నొక చట్టము, తెలంగాణమున నొక చట్టముగ నున్న గ్రామపంచాయతీలు 1964 నాటి చట్టముచే నేకరీతిని పొందెను. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణచే గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కలిగెను. 1994లో ఆంధ్రప్రదేశమున ఆ ప్రకారము కొత్త చట్టమును, రాష్ట్రవిభజన పిమ్మట 2018లో తెలంగాణమున వేఱు చట్టమును వచ్చెను. చట్టములిన్ని మారినను గ్రామసభ యెదుట నున్న కార్యక్రమపట్టిక మాత్రము పెద్దగా మారలేదు: దీపము, బావి, బాట.

ఇక మొదట చెప్పిన బాంధవ్యము. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము ప్రభుత్వ ధనముతో పుట్టినది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమగునాటికే అనేక గ్రామములలో యువకులు చందాలు వేసికొని పుస్తకములు చేర్చిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు తమ జీవితమునే ఈ పనికి ధారవోసిరి. చీరాలకు చేరువనున్న వేటపాలెమున సారస్వత నికేతనము 1918లో వెలసెను. అనగా, పన్నును గూర్చి పొరుగున కలత రేగుటకు ముందటి యేటనే. చందా యనునది స్వయముగ నిచ్చునది, పన్ను అడిగి తీసికొనునది. 1948 నాటి చెన్న గ్రంథాలయ చట్టము ఈ రెంటిని కలిపెను. ఇంటిపన్నులో రూపాయికి ఆరు పైసల చొప్పున, అనగా నాటి లెక్కను ముప్పదిరెండవ వంతు, గ్రంథాలయముల కొఱకు సుంకముగ చేర్చి వసూలు చేయవలెనని యది విధించెను. హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, సమైక్య ఆంధ్రప్రదేశమున 1960లోను ఇట్టి చట్టములు వచ్చెను. ఆ సుంకము పిమ్మట రూపాయికి ఎనిమిది పైసలకు పెరిగెను. నూరు రూపాయల యింటిపన్ను కట్టు గృహస్థుడు ఎనిమిది రూపాయలు పుస్తకముల కిచ్చుచున్నాడన్నమాట. తానిచ్చుచున్న సంగతి ఆ గృహస్థునకు తెలియదు; వసూలైన సొమ్ము పలు తావుల గ్రంథాలయ సంస్థకు సకాలమున చేరదు. ఆ బకాయిని రాబట్టుటకు పెద్ద యుద్యమ మక్కఱలేదు. గ్రామసభలో నొక్కరు లేచి, మన గ్రంథాలయ సుంకము ఈ యేడెంత వసూలైనది, ఎంత చెల్లించితిరి అని యడిగినచో చాలును.

ఇరువదియైదు సంవత్సరములు మన గ్రంథాలయము నిలిచినదన్నచో, ప్రతి సాయంకాలము తలుపు తెఱచినవారు, దీపము వెలిగించినవారు, చినిగిన పుటను అతికినవారు, పుస్తకమును తిరిగి తెచ్చి యిచ్చినవారు అందఱును దానికి కారణము. ఇవియు నిత్యకృత్యములే, వీనిని గూర్చి వీరగాథలు వ్రాయబడవు. పంచాయతీ తీర్మానముల పుస్తకమును, గ్రంథాలయపు ఎరువుల పుస్తకమును ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో ఒక గ్రామము తన్ను తాను ఎట్లు పాలించుకొనినదో తెలియును. కావున మన గ్రంథాలయమున ఒక బీరువాలో గ్రామసభ తీర్మానముల నకళ్లను, ఆదాయవ్యయ పట్టికలను ఏటేట భద్రపరచి, ఎవరు వచ్చి అడిగినను చదువుకొనుట కీయవలెనని నా మనవి. స్వర్ణోత్సవ సంచికకు వ్యాసము వ్రాయబోవువానికి మనము విడిచిపోవు ఆస్తి యదియే. అందు మన వీధిదీపము ఎచ్చట వెలిగినదియు, మన బావి యెవరికి నీరిచ్చినదియు అతడు చదువును; చదివి మనలను గూర్చి తీర్పు చెప్పును.