గవర్నరు అల్లుడా? అనాథ బాలిక భర్తా?

మత్తయి సువార్త వంశావళితోనే మొదలగుచున్నది. మనలో చాలామంది ఆ పేర్లు దాటేసి ముందుకు వెళ్లిపోతాము. అయితే ఎజ్రా గ్రంథము 2వ అధ్యాయము చూడండి. వంశావళిలో తమ పేర్లు కనబడనందున కొందరు యాజకత్వములో నుండి వేరుచేయబడ్డారు. పేరు వ్రాయబడి ఉండుట అంత అవసరము. ఈ దినము అమెరికాలోని ఒక వంశమువారి సంగతి విందాము.

వారి మూలపురుషుడు జాన్ హౌలాండ్. 1620లో 102 మంది ప్రయాణికులతో ఇంగ్లాండు విడిచిన మేఫ్లవర్ ఓడలో ఇతడు ఉన్నాడు. గొప్పవాడా? కాదు, జాన్ కార్వర్ అనే ఆయనకు సేవకుడు. నడి సముద్రములో తుపాను రేగినప్పుడు ఇతడు ఓడపైకి వచ్చి నీళ్లలో పడిపోయాడు. తెరచాప త్రాడు ఒకటి నీటిలో వ్రేలాడుచుండగా దానిని పట్టుకొన్నాడు. కొన్ని బారల లోతుకు మునిగినను పట్టు విడువలేదు. చివరకు త్రాడుతోను కొక్కెముతోను పైకి లాగారు. తోటి ప్రయాణికుడైన విలియం బ్రాడ్‌ఫర్డ్ ఇదంతా వ్రాసిపెట్టాడు.

మొదటి శీతకాలములోనే ఇంచుమించు సగముమంది చనిపోయారు. ప్లిమత్‌లో మొదటి గవర్నరైన కార్వర్ కూడా 1621 ఏప్రిల్‌లో మరణించాడు. హౌలాండ్ బ్రతికాడు, వివాహము చేసికొన్నాడు, పదిమంది పిల్లలను కన్నాడు.

ఆ భార్య ఎవరు? గవర్నరు కార్వర్ కుమార్తె అని వంశమువారు తరతరాలుగా చెప్పుకొన్నారు. గవర్నరు గారి రక్తమంటే ఎవరికి చేదు చెప్పండి! పుస్తకాలలో కూడా అలాగే వ్రాశారు.

బ్రాడ్‌ఫర్డ్ వ్రాతప్రతి బోస్టన్‌లోని ఓల్డ్ సౌత్ చర్చిలో ఉండేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలములో అది కనబడకుండా పోయింది. 1855లో అది లండన్ బిషప్పు గారి ఫుల్హామ్ గ్రంథాలయములో బయటపడింది. 1856లో అచ్చయింది. దానిలో ఓడ ప్రయాణికుల పట్టిక ఉన్నది. ఎవరు చనిపోయారో, ఎవరికి ఎంతమంది పిల్లలో 1651 ప్రాంతమున బ్రాడ్‌ఫర్డ్ లెక్క వ్రాశాడు. హౌలాండ్ భార్య జాన్ టిల్లీ కుమార్తె ఎలిజబెత్ అని స్పష్టముగా ఉన్నది.

ఎవరీ ఎలిజబెత్? ఓడ ఎక్కేనాటికి పదమూడేండ్ల పిల్ల. ఆ మొదటి శీతకాలములో తల్లి, తండ్రి, చిన్నాన్న, ఆయన భార్య, అందరూ చనిపోగా మిగిలిన అనాథ. గవర్నరు కుమార్తెను పోగొట్టుకొని వంశమువారు ఈమెను సంపాదించుకొన్నారు. నాకైతే ఇది నష్టముగా తోచదు.

అమెరికా అధ్యక్షులు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, తండ్రీకొడుకులైన ఇద్దరు జార్జ్ బుష్‌లు ఈ దంపతుల సంతతివారే. 1897లో ఏర్పడిన మేఫ్లవర్ సంతతివారి సంఘములో చేరాలంటే ఒక్కొక్క తరానికి రుజువు చూపాలి. మా తాతగారు చెప్పారంటే చెల్లదు. జనన, వివాహ, మరణ పత్రములు, వీలునామాలు కావాలి. ఆడపిల్లకు పెండ్లయితే ఇంటిపేరు మారుతుంది గనుక అక్కడే జాడ తెగిపోవును.

ఎలిజబెత్ విషయములో ఆ చిక్కును ఆమె వీలునామాయే తీర్చింది. లిదియ బ్రౌన్, ఎలిజబెత్ డికిన్సన్, హన్నా బాస్‌వర్త్ అని కుమార్తెలను అత్తింటి పేర్లతోనే వ్రాయించింది. 1686 డిసెంబరులో వ్రాయించిన ఆ కాగితములో తన వయస్సు 79 సంవత్సరములని చెప్పింది. ఇంగ్లాండులోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో హెన్లో అనే గ్రామమున్నది. అక్కడి చర్చి బాప్తిస్మపు పుస్తకములో జాన్ టిల్లీ కుమార్తె ఎలిజబెత్ పేరు 1607 ఆగస్టులో వ్రాయబడియున్నది. లెక్క సరిపోయింది.